పక్కకు తిరిగితే గది తిరగడం: నాకు పనిచేసిన ఎప్లీ పద్ధతి

కుడిపక్కకు ఒత్తిగిలితే చాలు, గదంతా గిర్రున తిరిగేది. అర నిమిషంలో ఆగేది. బీపీ పరీక్ష, మెడ ఎక్స్‌రే, మాత్రలు, ఎత్తు తలగడ: ఏవీ తేల్చలేదు.

ఈఎన్‌టీ డాక్టర్ నన్ను వెనక్కి పడుకోబెట్టి, కనుగుడ్లు అదరడం చూసి కుడిచెవి అన్నారు. లోపలి చెవిలోని కాల్షియం రేణువులు ఊడి, తల కదలికను పసిగట్టే అర్ధవృత్తాకార నాళంలోకి జారాయట.

ఆ రేణువులను నాళంలోంచి బయటికి జార్చేందుకు ఆయన చేయించిన ఎప్లీ పద్ధతి ఇది. కూర్చుని తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, అలాగే చటుక్కున వెనక్కి పడుకున్నాను, తల మంచం అంచు కంటే కాస్త కిందికి ఉండేలా. తిరుగుడు ఆగేదాకా కదల్లేదు. భయమేసేది ఇక్కడే! తర్వాత తల ఎడమకు 90 డిగ్రీలు తిప్పి, మళ్లీ ఆగాను. ఆపై ఒళ్లంతా ఎడమకు ఒత్తిగిలి, ముఖం నేలవైపు పెట్టి, కాసేపటికి మెల్లగా లేచాను.

ఎడమచెవైతే దిక్కులు తారుమారు. రేణువులు వేరే నాళంలో ఉంటే ఇది పనిచేయకపోవచ్చు. మెడనొప్పి ఉన్నా, మాట తడబడుతున్నా సొంతంగా ప్రయత్నించకండి.