కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? యూపీఎస్ కొనే ముందు ఇవి చూసుకోండి

మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోతే ఫ్యాను ఆగదు, లైటు ఆరదు. కంప్యూటర్ మాత్రం టక్కున ఆగి మళ్లీ మొదలయ్యేది. ర్యామ్ మార్పించాం, విండోస్ మళ్లీ వేయించాం, రెండూ దండగే అయ్యాయి. చివరికి చూస్తే అసలు దొంగ, ఇన్వర్టర్ వెనకాల ఉన్న చిన్న స్విచ్. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు జబ్బు కరెంటుదా, మెషీన్‌దా తేల్చుకోండి.

మొదట, నాలుగు రోజులు రాసి పెట్టుకోండి

రీస్టార్ట్ అయిన టైము, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో ఒక కాగితం మీద రాయండి. అదే క్షణంలో లైటు కన్నుకొట్టిందా? బోరు మోటరు వేశారా? ఫ్రిజ్ కంప్రెసర్ మొదలైందా? అయితే అనుమానం కరెంటు మీదే. మోటరు స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ డౌన్ అవుతుంది. గేమ్ ఆడుతున్నప్పుడో, వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడో మాత్రమే ఆగుతుంటే వేడిగానీ, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) గానీ కారణం కావచ్చు. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ రీస్టార్ట్ అవుతుంటే కరెంటును తిట్టి లాభం లేదు. దాని యూపీఎస్ దాని కడుపులోనే ఉంది.

తర్వాత కంప్యూటర్‌నే అడగండి

స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ నొక్కి, రీస్టార్ట్ అయిన టైము దగ్గర ఏ నంబర్లు ఉన్నాయో చూడండి.

1074 ఉంటే ఎవరో, లేదా ఏదో ప్రోగ్రామ్ అడిగి రీస్టార్ట్ చేయించినట్టు. చాలాసార్లు అది విండోస్ అప్‌డేటే. సెట్టింగ్స్‌లో యాక్టివ్ అవర్స్ మీ పని వేళలకు మార్చుకుంటే చాలు.

41, అంటే కెర్నల్-పవర్ అని ఉన్నది చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ పోయిందనుకుని షాపుకు పరిగెత్తుతారు. అది చెప్పేది ఒక్కటే: కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెప్పదు. ఆ ఎంట్రీ డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (విండోస్ రాసిపెట్టే తప్పు నంబరు) సున్నా ఉంటే కరెంటు తెగడమో, ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేయడమో, మెషీన్ బిగుసుకుపోవడమో అయి ఉండొచ్చు. సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్, అంటే విండోస్ కుప్పకూలినప్పుడు కనబడే తెర, వచ్చి పోయినట్టు. అది కంటికి కనబడాలంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర 'ఆటోమేటిగ్గా రీస్టార్ట్' టిక్కు తీసేయండి. ఈసారి స్క్రీన్ నిలిచి ఉంటుంది, ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు.

పెట్టె తెరిచే పని

ప్లగ్గు పీకేసిన తర్వాతే తెరవండి. ప్రాసెసర్ ఫ్యాను మీద దుమ్ము మెత్తలా పేరుకుని ఉంటే బ్రష్షుతో దులపండి. వేసవిలో ఆగిపోయే మెషీన్లు కొన్ని ఇంతటితోనే బాగుపడతాయి. ఏళ్లు గడిచినదైతే ప్రాసెసర్ వేడిని పైకి లాగే థర్మల్ పేస్ట్ కొత్తగా పూయించండి. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ గట్టిగా బిగించండి. స్నేహితుల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ దొరికితే ఒక రోజు పెట్టి చూడండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసినా అందులో ప్రమాదకరమైన కరెంటు నిల్వ ఉంటుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదనో, సరిగ్గా లేదనో అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వేసవిలో ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయడం మరిచిపోతాం. వదులైన సాకెట్టు, అరిగిన ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా మార్చేయండి.

జబ్బు కరెంటుదే అయితే

మన కరెంటు 50 హెర్ట్జ్. అంటే ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. కరెంటు పోయాక మామూలు ఎస్‌ఎంపీఎస్ దాదాపు అంతసేపే మెషీన్‌ను నిలబెట్టగలదు. ఆలోపు బ్యాటరీ అందుకోవాలి. ఫ్యానుకు ఆ తేడా తెలియదు, కంప్యూటర్‌కు తెలుస్తుంది.

ఇక ఆ స్విచ్ సంగతి. చాలా ఇన్వర్టర్ల వెనకాల యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ (కొన్నిటి మీద ఎకో అని ఉంటుంది) అని రెండుంటాయి. నార్మల్‌లో బ్యాటరీకి మారడం నెమ్మది. మాది అందులోనే ఉంది! యూపీఎస్‌లోకి తిప్పాక రీస్టార్టులు ఆగాయి. అయితే ఆ మోడ్‌లో వోల్టేజీ కాస్త తగ్గినా ఇన్వర్టర్ బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది. లో-వోల్టేజీ ఉన్న ఊళ్లో అలా ఉంచితే బ్యాటరీ చార్జింగే నిలవదు. అక్కడ ఇన్వర్టర్‌ను నార్మల్‌లో వదిలేసి, కంప్యూటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోవడమే నయం. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (కరెంటు అల మెట్టుమెట్టుగా వచ్చేది) అయితే దాని వెనక పెట్టిన యూపీఎస్ ఆ కరెంటును ఒప్పుకోకపోవచ్చు. కొనే ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది (లైన్ కరెంటులాగే నున్నటి అల ఇచ్చేది) అయితే ఈ తలనొప్పి ఉండదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును అల ఆకారానికి తగ్గట్టు లాగే ఏర్పాటు) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు కూడా అదే మేలు.

ఎంతది కొనాలి? మామూలు ఆఫీసు పనుల కంప్యూటర్, మానిటర్ కలిపి సుమారు 100 నుంచి 150 వాట్లు. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్, యూపీఎస్ సైజు కొలత) యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకా మోస్తుంది. లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ, లెక్కకు 84 వాట్-అవర్లు. వేగంగా వాడితే అందులో సగమే చేతికొస్తుందనుకోండి. పది పదిహేను నిమిషాలు, ఫైలు సేవ్ చేసుకుని షట్‌డౌన్ కొట్టడానికి సరిపోతుంది. గేమింగ్ కార్డు ఉన్న మెషీన్‌కు ఇది చాలదు. గంటలకొద్దీ పని చేయాలంటే ఇన్వర్టరే దారి: 12 వోల్టుల 150 ఏహెచ్ కొత్త బ్యాటరీ 200 వాట్ల లోడుతో ఐదారు గంటలు రావచ్చు. లేజర్ ప్రింటర్‌ను చిన్న యూపీఎస్‌కు తగిలించొద్దు. దాని హీటర్ ఒక్క ఊపులో లాగేసి యూపీఎస్‌ను ట్రిప్ చేస్తుంది.

ఇంటి నుంచి పని చేసేవాళ్లు రౌటర్‌ను మరవొద్దు. దానికి మినీ యూపీఎస్ దొరుకుతుంది. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి సరిపోయేది తీసుకోండి.

షాపులో బ్యాటరీ తయారైన తేదీ అడిగి చూడండి. ఇంటికి తెచ్చి పూర్తిగా చార్జ్ అయ్యాక ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని, ఆ గది ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గదికి ఉన్న స్విచ్) దించండి. ప్లగ్గు పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది, అందుకే ఎంసీబీ. యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలబడుతుందో గడియారం చూస్తూ కూర్చోండి. మూడు నెలలకోసారి మళ్లీ ఇలాగే చేసి, వచ్చిన నిమిషాలు యూపీఎస్ మీదే స్కెచ్ పెన్నుతో రాసుకోండి. మొదటిసారి వచ్చిన దాంట్లో సగానికి పడిపోయిన రోజు బ్యాటరీ మార్పించండి.