బ్యాకప్ పూర్తయిందంటోంది, లాగ్ డ్రైవ్ నిండిపోతోంది: క్లస్టర్‌లోని ఎక్స్‌ఛేంజ్ సర్వర్ చిక్కులు

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందే చెన్నైని ముంచెత్తింది. అంబత్తూరులోని మా రెండో కార్యాలయంలోకి నీళ్లు రావడంతో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ నడిచే అక్కడి మెయిల్ సర్వర్‌ను ఆపేశాం. సిరుసేరిలోని రెండు సర్వర్లు భారమంతా మోశాయి, మెయిల్ ఒక్క నిమిషం ఆగలేదు. పదో రోజు రాత్రి రెండు గంటలకు, నెల్లూరు నుంచి వచ్చి కొత్తగా చేరిన కుర్రవాడు ఫోన్ చేశాడు.

"అన్నా, లాగ్ డ్రైవ్‌లో 6 జీబీ మాత్రమే మిగిలింది. బ్యాకప్ రోజూ పూర్తయినట్టే చూపిస్తోంది. పాత లాగ్‌లు తీసేయమంటారా?"

"వద్దు, ఒక్క ఫైలు కూడా ముట్టుకోవద్దు" అన్నాను. ఈ పరిస్థితిలో అందరికీ ముందుగా తట్టే ఆలోచన అదే, అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ అదే.

సమస్య: బ్యాకప్ సఫలం, లాగ్‌లు తరగవు

పాతకాలపు వర్తకులు జరిగిన లావాదేవీని ముందు చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఎక్స్‌ఛేంజ్‌ది సరిగ్గా అదే పద్ధతి. ప్రతి మార్పూ ముందు 1 ఎంబీ లాగ్ ఫైలులో పడుతుంది, తర్వాత డేటాబేస్‌కు చేరుతుంది. ఒకే డేటాబేస్ కాపీలను పంచుకుని క్లస్టర్‌గా పనిచేసే సర్వర్ల బృందాన్ని డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్ అంటారు, మేమంతా డాగ్ అని పిలుస్తాం. ఎక్స్‌ఛేంజ్ 2010 వెర్షన్‌తో వచ్చిన దీనిలో గరిష్ఠంగా 16 సర్వర్లు ఉండవచ్చు. ఒక్కో డేటాబేస్‌కు వాడుకలో ఉండే యాక్టివ్ కాపీ ఒకటే. మిగతావి పాసివ్ కాపీలు. అవి ఆ చిట్టాలను తెప్పించుకుని తమ ఆవర్జాలు తామే రాసుకుంటాయి.

ఒంటరి సర్వర్‌లో ఫుల్ బ్యాకప్ కాగానే పాత లాగ్‌లు పోతాయి. డాగ్‌లో అంత సులువు కాదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ "ఇంతవరకు భద్రపరిచాను" అని చెప్పగలదు, అంతే. తొలగించే నిర్ణయం ఎక్స్‌ఛేంజ్‌ది. ఆ లాగ్ తమకు ఇక అక్కరలేదని మిగతా కాపీలన్నీ ఒప్పుకోవాలి. ఒక్క కాపీ ఆగిపోయినా, అది తిరిగి వచ్చి అడుగుతుందేమోనని మిగతావన్నీ లాగ్‌లను దాచుకుంటూనే ఉంటాయి. అంబత్తూరులో చీకటి గదిలో ఉన్న సర్వర్ కోసం సిరుసేరిలో 4 లక్షలకు పైగా ఫైళ్లు పేరుకున్నాయి. బ్యాకప్ నివేదిక అబద్ధం చెప్పలేదు. మనమే దానికి లేని అర్థం అంటగట్టాం.

ముందు అప్లికేషన్ ఈవెంట్ లాగ్ చూడండి. ఎక్స్‌ఛేంజ్ డేటాబేస్ ఇంజిన్ అయిన ఈఎస్ఈ నుంచి 224 నంబరు ఈవెంట్ వస్తే లాగ్‌లు తొలగుతున్నాయి. 225 వస్తే తొలగించగలిగినవి ఏవీ లేవని అర్థం. తర్వాత గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్‌కాపీస్టేటస్ ఆదేశం ఇవ్వండి. అన్ని కాపీలూ హెల్దీ అని ఉన్నాయా, కాపీ క్యూ, అంటే ఇంకా చేరాల్సిన లాగ్‌ల వరుస, ఎక్కడైనా పెరిగిందా చూడండి. దోషి సాధారణంగా ఇక్కడే దొరుకుతుంది.

ఆగిన కాపీని రెజ్యూమ్ చేయండి. లాగ్‌లు అందుకోలేనంత వెనకబడితే రీసీడ్ చేయాలి, అంటే డేటాబేస్‌ను మొదటి నుంచి మళ్లీ కాపీ చేయాలి. ఆ సర్వర్ ఇప్పట్లో లేవదని తెలిస్తే, దాని కాపీని డాగ్ నుంచి తీసేసి మరోసారి ఫుల్ బ్యాకప్ నడపండి. ఆ రాత్రి మేం చేసింది అదే. తెల్లవారుజామున 224లు వరుసగా పడటం మొదలయ్యాక గానీ ఆ కుర్రవాడు టీకి లేవలేదు. అంబత్తూరు కాపీని మరుసటి వారం మళ్లీ చేర్చాం.

కాపీలన్నీ బాగుంటే బ్యాకప్ రకం చూడండి. కాపీ బ్యాకప్, డిఫరెన్షియల్ బ్యాకప్ లాగ్‌లను తొలగించవు. ఒకే డేటాబేస్‌పై రెండు బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు నడుస్తుంటే ఇంకో చిక్కు: ఒకటి లాగ్‌లను తొలగిస్తే రెండోదాని ఇంక్రిమెంటల్ గొలుసు, అంటే గతసారి నుంచి వచ్చిన మార్పులనే దాచే బ్యాకప్‌ల వరుస, తెగిపోతుంది. లాగ్‌లపై అధికారం ఒక్కదానికే ఇవ్వండి.

సమస్య: బ్యాకప్ మొదట్లోనే విఫలమవుతుంది

వీఎస్ఎస్‌అడ్మిన్ లిస్ట్ రైటర్స్ ఆదేశంలో ఎక్స్‌ఛేంజ్ రైటర్, అంటే బ్యాకప్ కోసం డేటాబేస్‌ను సిద్ధం చేసే భాగం, ఫెయిల్డ్ అని కనిపిస్తుంది. ఎక్స్‌ఛేంజ్ 2010లో రెండు రైటర్లు ఉండేవి, యాక్టివ్ కాపీకి ఒకటి, పాసివ్‌కు ఒకటి. 2013 నుంచి ఉన్నది ఒకటే, అదీ కాపీలకు లాగ్‌లు చేరవేసే రెప్లికేషన్ సర్వీసులో. అందుకే డేటాబేస్‌లను నడిపే స్టోర్ సర్వీసును మళ్లీ మళ్లీ ఆపి నడిపినా ఫలితం ఉండదు. యాక్టివ్ కాపీలను పక్క సర్వర్‌కు తరలించి, రెప్లికేషన్ సర్వీసును రీస్టార్ట్ చేయండి.

పాసివ్ కాపీలు మాత్రమే విఫలమవుతుంటే, మీరు వాడుతున్నది విండోస్ సర్వర్ బ్యాకప్ కావచ్చు. ఎక్స్‌ఛేంజ్ 2010లో అది యాక్టివ్ కాపీలకే పనికొస్తుంది.

సమస్య: డాగ్ పేరే కనబడటం లేదు

ఎక్స్‌ఛేంజ్ 2013 ఎస్‌పీ1 నుంచి, విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద, డాగ్‌ను సొంత ఐపీ చిరునామా లేకుండా కట్టవచ్చు. ఎక్స్‌ఛేంజ్ 2016లో అదే సహజమైన అమరిక. క్లస్టర్ పేరు పట్టుకుని వెతికే పాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఏమీ దొరకదు. సాఫ్ట్‌వేర్‌ను నవీకరించండి, లేదా ఒక్కో సర్వర్‌ను విడిగా చేర్చండి.

సమస్య: బ్యాకప్ వేళ డేటాబేస్ పక్క సర్వర్‌కు దూకుతుంది

సర్వర్ వర్చువల్ మెషీన్ అయితే, దాని స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీసేటప్పుడు, ముఖ్యంగా దాన్ని విలీనం చేసేటప్పుడు, యంత్రం కొన్ని క్షణాలు బిగుసుకుపోతుంది. క్లస్టర్ సెకనుకోసారి నాడి చూస్తుంది. విండోస్ సర్వర్ 2012లో వరుసగా 5 సార్లు, 2016లో 10 సార్లు నాడి అందకపోతే ఆ సర్వర్ పోయిందని తేల్చేస్తుంది. ఈ లెక్కను నిర్ణయించే సేమ్‌సబ్‌నెట్‌త్రెషోల్డ్ విలువను పెంచండి, మెమరీ లేకుండా స్నాప్‌షాట్ తీయండి. సభ్య సర్వర్లన్నిటికీ ఒకే గంటలో బ్యాకప్ పెట్టకండి.

సమస్య: రీస్టోర్ చేసిన డేటాబేస్ మౌంట్ కాదు

డేటాబేస్‌ను పరీక్షించే, మరమ్మతు చేసే ఈఎస్ఈయుటిల్‌ను ఎంహెచ్ స్విచ్‌తో నడిపితే డర్టీ షట్‌డౌన్ అని చూపుతుంది. చిట్టాలోని లెక్క ఆవర్జాకు ఇంకా ఎక్కలేదన్నమాట. బ్యాకప్‌తో వచ్చిన లాగ్‌లతో సాఫ్ట్ రికవరీ చేయండి. ఆ లాగ్‌లను ఎవరైనా చేత్తో తీసేసి ఉంటే మిగిలేది పీ స్విచ్‌తో బలవంతపు మరమ్మతే. అందులో ఉత్తరాలు పోవచ్చు. ఆ రాత్రి "ముట్టుకోవద్దు" అన్నది ఇందుకే.