లైన్ ఆగింది, లోపం నెట్‌వర్క్‌లో ఉందా? షాప్ ఫ్లోర్ సిబ్బందికి సమస్య - పరిష్కారం

ఉత్పత్తి లైన్ ఆగగానే చాలా కర్మాగారాల్లో మొదట చేసే పని నెట్‌వర్క్ స్విచ్‌కు (యంత్రాల నెట్‌వర్క్ కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టెకు) పవర్ తీసి మళ్లీ ఇవ్వడం. దానివల్ల ఒక్కోసారి లైన్ నడుస్తుంది కానీ, చాలా స్విచ్‌లలో పోర్టుల ఎర్రర్ కౌంటర్లు సున్నా అయిపోయి, అసలు కారణం చెప్పే ఆధారమే చెరిగిపోతుంది. కాబట్టి ముందు ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో స్విచ్ పేజీ తెరిచి, పోర్టులవారీ ఎర్రర్ల పట్టికను ఫొటో తీసుకోవాలి. పవర్ ముట్టుకోవడం ఆ తర్వాతే.

సమస్య: ఒకే యంత్రం పీఎల్‌సీతో (లైన్‌ను నడిపే కంట్రోలర్‌తో) సంబంధం పదేపదే కోల్పోయి, దానంతటదే మళ్లీ కలుస్తోంది.

పరీక్షించబోయేసరికి అంతా సవ్యంగా కనిపించడం వల్ల ఎక్కువ సమయం తినేది ఈ సమస్యే. ఆ పోర్టులో సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పెద్ద మోటారు స్టార్టయినప్పుడే పెరుగుతుంటే, వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని నియంత్రించే డ్రైవ్) నుంచి మోటారుకు వెళ్లే పవర్ కేబుల్, ఈథర్‌నెట్ కేబుల్ ఒకే ట్రేలో పక్కపక్కన ఉన్నాయేమో చూడాలి. ఉంటే వాటిని విడదీసి, షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, ఆ షీల్డ్ ఎర్త్‌కు సరిగ్గా కలిసేలా చూడాలి. అలా కాక, కేబుల్‌ను కదిలించినప్పుడు ఎర్రర్లు పెరిగితే లోపం కనెక్టర్‌లో ఉన్నట్లే. క్లిప్ విరిగిన ఆర్‌జే45కు (మామూలు ఈథర్‌నెట్ ప్లగ్‌కు) టేపు చుట్టి సరిపెట్టకుండా కొత్తది క్రింప్ చేయాలి. యంత్రం బాగా అదిరే చోట మరతో బిగిసే ఎం12 కనెక్టర్ మేలు. రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదన్న నియమాన్ని షెడ్డు విస్తరించినప్పుడు తరచూ మరిచిపోతారు.

ఇవేవీ కాకపోతే డ్యూప్లెక్స్ సెట్టింగు చూడాలి. ఫుల్ అంటే రెండు వైపులా డేటా ఒకేసారి వెళ్లడం, హాఫ్ అంటే వంతులవారీగా వెళ్లడం. ఒక చివర 100 ఎంబీపీఎస్ ఫుల్ డ్యూప్లెక్స్‌గా స్థిరపరిచి, రెండో చివర ఆటోలో వదిలేస్తే, ఆటో వైపు వేగాన్ని పసిగడుతుంది గానీ డ్యూప్లెక్స్‌ను పసిగట్టలేక హాఫ్‌కు దిగిపోతుంది. పింగ్ (పరికరం జవాబిస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష) బాగానే వస్తుంది, డేటా పెరిగితేనే తెగుతుంది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా బయటపడే డేటా ఢీకొనడాలు), ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు దీని గుర్తులు. రెండు చివరలనూ ఆటోలోనే ఉంచాలి, లేదా రెండింటికీ ఒకే స్థిర విలువ ఇవ్వాలి.

సమస్య: కొత్త పరికరం బిగించాక, ఒక హెచ్‌ఎంఐ (ఆపరేటర్ స్క్రీన్) కాసేపు పనిచేస్తూ, కాసేపు ఆగుతోంది.

రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్ ఉండటమే సాధారణంగా కారణం. హెచ్‌ఎంఐ కేబుల్ తీసేసి, ల్యాప్‌టాప్‌లో పాత ఏఆర్‌పీ నమోదులు (ఏ ఐపీ ఏ పరికరానిదో చెప్పే పట్టిక) తుడిచి, హెచ్‌ఎంఐ అడ్రస్‌కు పింగ్ చేయాలి. జవాబు వస్తే మరో పరికరం ఆ అడ్రస్‌ను వాడుతున్నట్లే. ఏఆర్‌పీ పట్టికలో కనిపించిన మ్యాక్ అడ్రస్‌ను (పరికరం హార్డ్‌వేర్ నంబరును) స్విచ్‌లోని మ్యాక్ పట్టికలో వెతికితే ఆ పరికరం ఏ పోర్టుపై ఉందో తెలుస్తుంది. దానికి వేరే అడ్రస్ ఇవ్వాలి.

సమస్య: అన్ని యంత్రాలూ ఒకేసారి తెగిపోయాయి, స్విచ్ లైట్లన్నీ ఆగకుండా మిణుకుతున్నాయి.

ఇది లూప్, అంటే కేబుళ్లు వలయంగా కలిసిపోవడం. ఈథర్‌నెట్ ఫ్రేముకు (డేటా పొట్లానికి) ఆయుష్షు పరిమితి లేనందున, అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు తిరుగుతూనే ఉండి నెట్‌వర్క్‌ను నింపేస్తాయి. చివరగా తగిలించిన కేబుల్ తీయాలి. తర్వాత ఆర్‌ఎస్‌టీపీని (లూప్ ఏర్పడితే అదనపు దారిని మూసే స్విచ్ సెట్టింగును) ఆన్ చేసి, వాడని పోర్టులను మూసివేయాలి.

సమస్య: పాడైన డ్రైవ్ స్థానంలో కొత్తది పెట్టినా ప్రొఫినెట్ (ఈథర్‌నెట్‌పై నడిచే పారిశ్రామిక నెట్‌వర్క్) కంట్రోలర్ దాన్ని గుర్తించడం లేదు.

కంట్రోలర్ ముందుగా వెతికేది డివైస్ పేరును. పాత డ్రైవ్ పేరును అక్షరం పొల్లుపోకుండా కొత్తదానికి ఇవ్వాలి. ఆ పేరు, ఐపీ, స్విచ్ పోర్టు నంబరు రాసిన కాగితాన్ని ప్యానెల్ తలుపు లోపలే అతికించి ఉంచితే, రాత్రి షిఫ్టు మెయింటెనెన్స్ సిబ్బంది ఆటోమేషన్ ఇంజినీరు కోసం ఎదురుచూడనక్కరలేదు.