సకినాలు, పది రూపాయల చిప్స్, చల్లటి బ్రూట్

హనుమకొండలో మాది పిండివంటల షాపు. సకినాలు, మురుకులు, చెక్కలు పొద్దంతా నా చేతుల మీదుగానే పోతుంటాయి. పుణెలో ఉద్యోగం చేసే మా తమ్ముడు స్పార్క్లింగ్ వైన్ (బుడగలు వచ్చే వైన్) రుచి చూపించినప్పటి నుంచి దాని పక్కన ఏది కుదురుతుందో తిని చూడడం నాకు చాలా ఇష్టమైన పని. ఖరీదైన చీజ్ అక్కర్లేదు. కిరాణా షాపులో వేలాడే ప్యాకెట్లు చాలు, కాకపోతే ఏ ప్యాకెట్ అన్నది తెలియాలి.

ముందు బాటిల్. లేబుల్ మీద బ్రూట్ అని, అంటే తీపి బాగా తక్కువని, ఉన్నది తీసుకోండి. లీటరుకు 12 గ్రాముల లోపే చక్కెర ఉంటుంది. నాసిక్ ప్రాంతంలో తయారయ్యే సూలా బ్రూట్, షాండన్ బ్రూట్ అడిగి చూడండి. ఎండ తగిలే అరలో నిలబెట్టిన బాటిల్ మాత్రం వద్దు, మన ఎండాకాలం వేడికి వైన్ పాడవుతుంది. ఫ్రిజ్‌లో కనీసం మూడు గంటలు పెట్టండి. టైం లేకపోతే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి అరగంట ముంచితే సరిపోతుంది. లోపల 5, 6 వాతావరణ పీడనాల గ్యాస్ ఉంటుంది కాబట్టి కార్క్‌ను పట్టి ఉంచే తీగ విప్పేటప్పుడు బొటనవేలు కార్క్ మీదే ఉండాలి. బాటిల్‌ను వాల్చి, కార్క్‌ను గట్టిగా పట్టుకుని, బాటిల్‌నే మెల్లగా తిప్పండి. మూతి మనుషుల వైపు ఉండకూడదు.

ఈ వైన్ పులుపు. ఆ పులుపు, బుడగలు కలిసి నాలుక మీది నూనెను కడిగేస్తాయి. ఉప్పు తగిలితే పులుపు మెత్తబడుతుంది. అందుకే నూనెలో వేగి, ఉప్పగా, కరకరలాడేది ఏదైనా బాగుంటుంది.

నన్నడిగితే అన్నిటికంటే ముందు సకినమే. నానబెట్టిన బియ్యం పిండిలో వాము, నువ్వులు కలిపి, బట్ట మీద చేత్తో చుట్లు తిప్పి, కాస్త ఆరాక నూనెలో వేస్తాం. లోపలి చుట్టు విరిచి నమలండి. ముందు కరకర, తర్వాత ఉప్పు, చివర్న వేగిన నువ్వుల వాసన. అది పోకముందే ఒక గుక్క తాగాలి. పైన చెప్పిన రెండు వైన్లనూ సీసాలోనే రెండోసారి పులియబెట్టి, ఈస్ట్‌తో పాటే నెలల తరబడి ఉంచుతారు. దాంతో వాటికి కాల్చిన బ్రెడ్ వాసన లీలగా వస్తుంది. నువ్వులు ఆ వాసనను పైకి తెస్తాయి. సకినాలు నాలుగు రోజులవైనా పర్వాలేదు గానీ, మెత్తబడ్డవి వద్దు.

మా అత్తమ్మ ఒక గుక్క తాగి, "కల్లు లెక్కనే ఉన్నది గని, తీపి లేదు బిడ్డా" అన్నది. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. పొద్దున దించిన ఈత కల్లులో తీపి ఇంకా మిగిలి ఉంటుంది, పక్కన కారం గుడాలు పెట్టినా హాయిగా దిగుతుంది. బ్రూట్‌లో ఆ తీపి లేదు. పైగా బుడగలు నాలుకను చురుక్కుమనిపిస్తాయి, ఆల్కహాల్ కారాన్ని పెంచుతుంది. దానికి మిరపకాయ మంట తోడైతే వైన్ రుచే తెలియదు.

కాబట్టి లేస్‌లో పసుపు ప్యాకెట్ తీసుకోండి, ఉప్పు ఒక్కటే ఉంటుంది. ఆకుపచ్చది కూడా బాగుంటుంది. నీలం ప్యాకెట్, కుర్‌కురే, కారం మిక్చర్ వేరే రోజుకు ఉంచుకోండి. మక్క పేలాలకు వెన్న, ఉప్పు పట్టిస్తే చిప్స్ కంటే మేలు, ఖర్చు కూడా తక్కువ.

సాయంత్రం బండి దగ్గర మిర్చి బజ్జీ జోలికి పోకండి. ఆలుగడ్డ బజ్జీ వాయి దింపగానే తీసుకోండి. "అన్నా, మీద కారం చల్లకు, ఉల్లిగడ్డ వేరే కట్టు" అని ముందే చెప్పాలి, లేకుంటే అలవాటు కొద్దీ చల్లేస్తారు. పొట్లం మూతి తెరిచే తీసుకురండి, మూస్తే ఆవిరికి బజ్జీ మెత్తబడుతుంది. సర్వపిండి ఇంట్లోనే చేస్తే కారం సగానికి తగ్గించి నువ్వులు, పల్లీలు పెంచండి. ఎర్రగా కాలిన అడుగు ముక్క ఈ వైన్‌కే పుట్టిందనిపిస్తుంది నాకు.

బాదుషా, సోన్‌పాపిడి పక్కన బ్రూట్ మరీ పుల్లగా అనిపిస్తుంది. తీపి పెట్టాలంటే డెమీ సెక్ అని రాసి ఉన్నది వెతకండి, అందులో లీటరుకు 32 నుంచి 50 గ్రాముల చక్కెర ఉంటుంది.

గ్లాసులకు సబ్బు మిగలకుండా కడగండి. సబ్బు, నూనె తగిలితే నురుగు పడిపోతుంది, చిప్స్ తిన్న వేళ్లతో గ్లాసు అంచు ముట్టుకోవద్దు. 750 మిల్లీలీటర్ల బాటిల్‌కు ఆరు గ్లాసులు వస్తాయి. ఆల్కహాల్ దాదాపు 12 శాతం ఉంటుంది, బీరులా గటగటా తాగకండి. మిగిలితే, తీసిన కార్క్ మళ్లీ పట్టదు. మూతిలో చెంచా పెడితే గ్యాస్ పోదనేది ఒట్టిమాట. ఈ వైన్ల కోసమే అమ్మే బిగింపు మూత కొనుక్కుని, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే ఉప్పు పల్లీలతో పూర్తి చేయండి.