ఎండలు ముదిరేలోపు కారుకు పాలిష్ పెట్టేవారికి కొన్ని జాగ్రత్తలు

గత వారం ప్రొద్దుటూరు నుంచి ఒక ముదురు నీలం రంగు కారు, కార్లకు రంగు వేసే మా షెడ్డుకు వచ్చింది. ఇంట్లో పెళ్లి ఉందని, ఏళ్ల తరబడి ఎండలో నిలిచి వెలిసిపోయిన రంగుకు మెరుపు తేవాలని యజమాని కుమారుడు తానే పూనుకొని, బండలు కోయడానికి తెచ్చిన గ్రైండరుకు ఉన్ని ప్యాడు బిగించి, రబ్బింగ్ కాంపౌండు (పై పూతను అరగదీసే గరుకు ముద్ద) పూసి, ఒక్క మధ్యాహ్నంలో బానెట్టంతా రుద్దేశాడట. నీళ్లు పోసి చూస్తే అద్దంలా ఉంది. తడి ఆరేసరికి బానెట్టుకు రెండు పక్కల నిలువునా సాగే మడతల మీద, సుద్దతో గీసినట్లు, వేలెడు వెడల్పున పాలిపోయిన చారలు తేలాయి. ఒకచోట అడుగునున్న బూడిదరంగు ప్రైమరు కూడా బయటపడింది. ఇక దానికి పాలిష్ పనికిరాదు, వ్యాక్స్ పనికిరాదు; బానెట్టంతా తిరిగి రంగు వేయవలసిందే.

కారును నీడలో కడగాలి, మెత్తని గుడ్డ వాడాలి వంటివి అందరికీ తెలుసు కనుక వాటిని ఏకరువు పెట్టను. పాలిష్ వల్ల పాడై మా దగ్గరికి వచ్చిన కార్లలో ఎక్కువ వాటిని చెడగొట్టిన తప్పు ఒక్కటే: పాలిష్ మెషీనును అంచుల మీదికి, మడతల మీదికి పోనివ్వడం.

కారు రంగు మీద క్లియర్‌కోటు అనే పారదర్శకమైన పూత ఉంటుంది. మెరుపంతా దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ప్రధానంగా అందులోనే ఉంటాయి. దాని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే, అంటే తలవెంట్రుక కంటే పలుచన. మన జిల్లాలో బండల పాలిష్ చూస్తూ పెరిగిన వారికి ఎంత రుద్దితే అంత నునుపు వస్తుందన్న నమ్మకం సహజంగానే ఉంటుంది. కానీ అంగుళం మందమున్న కడప బండలో 25 వేల మైక్రాన్లు ఉంటాయి కనుక దానిని పదిసార్లు రుద్దినా తరుగు తెలియదు. కారు మీద ఆ వెసులుబాటు లేదు. కాంపౌండు గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పూతను అరగదీసి, గీత లోతుకు దించుతుంది. మెరుపు వచ్చిందంటే కొంత పూత పోయిందనే అర్థం.

ఇంత పలుచని పూత అంచుల వద్ద, మడతల శిఖరాల మీద ఇంకా పలుచబడుతుంది. ఎందుకంటే తడి రంగు ఆరేటప్పుడు అంచుల నుంచి వెనక్కి జారుతుంది. పైగా చదునైన చోట అరచేతి వెడల్పున పరచుకునే ప్యాడు ఒత్తిడి, మడత మీదికి వచ్చేసరికి సన్నని గీత మీదే పడుతుంది. వేడీ అక్కడే పుడుతుంది. మధ్యలో నిమిషం పాటు తిరిగినా హాని చేయని ప్యాడు అంచు మీద కొన్ని సెకన్లలోనే పూతను కాల్చగలదు. అందుచేత మెషీను పట్టే ముందు బానెట్టు మడతలకు, తలుపుల అంచులకు, డిక్కీ పెదవికి, చక్రాల పైనున్న వంపులకు మాస్కింగ్ టేపు వేయండి. పని ముగిశాక టేపు తీసి, ఆ భాగాలను మెత్తని పాలిష్‌తో చేత్తోనే, తేలికగా తుడవండి.

ఇక దుమ్ము సంగతి. ఎర్రగుంట్ల వైపు రోజూ తిరిగే కార్ల మీద సిమెంటు ధూళి మంచుకు తడిసి పొక్కు కడుతుంది. మిగిలిన చోట్ల సన్నని ఇసుక ఉండనే ఉంది. ఇసుక రేణువు క్లియర్‌కోటు కంటే ఎంతో గట్టిది. అది ప్యాడు కింద ఒక్కటి మిగిలినా బానెట్టు నిండా సాలెగూడు గీతలు పడతాయి. కడిగిన తరువాత వేళ్లతో తడిమి చూసి, గరుకు తగిలితే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగే మెత్తని బంకముద్ద) వాడి, తిరిగి కడిగి, అప్పుడే పాలిష్ మొదలుపెట్టండి. బోరునీళ్లు ఆరి మిగిల్చిన తెల్లమచ్చలకు కూడా చాలామంది నేరుగా కాంపౌండు ఎత్తుకుంటారు. నీళ్లు కలిపిన వెనిగరుతో నీడలో తుడిచి, వెంటనే కడిగేస్తే ఆ మచ్చల్లో చాలావరకు పోతాయి.

గీత మీద గోరు ఆనించి అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే ఆ గీతను పాలిష్‌తో తీయబూనకండి. గీత వరకు కాస్త రంగు అద్ది (టచప్ చేసి) వదిలేయండి.

బండల గ్రైండరు వాడకండి. అది నిమిషానికి సుమారు 11 వేల చుట్లు తిరుగుతుంది; పాలిష్‌కు 1000 నుంచి 1500 చాలు. కొత్తగా నేర్చుకునేవారు డ్యూయల్ యాక్షన్ మెషీను (ప్యాడు ఒకేచోట గిరగిర తిరగకుండా, తిరుగుతూనే ఊగే రకం) మాత్రమే పట్టుకోవాలి.

రేకు మీద అరచెయ్యి ఆనించలేనంత వేడి ఉంటే పని మొదలుపెట్టకండి. మే నెల మధ్యాహ్నం నీడలో నిలిపిన కారు కూడా చల్లబడటానికి సమయం పడుతుంది కనుక తెల్లవారుజామునే కానివ్వండి.

ముందు మెత్తని పాలిష్‌తో రెండడుగుల చోటు చేసి చూడండి. అది చాలకపోతేనే కాంపౌండు.

ప్యాడుకు కారు రంగు అంటితే వెంటనే ఆపండి. క్లియర్‌కోటు లేని పాత తెల్లకార్లకు అది మామూలే. మిగిలిన వాటికి పూత పోయినట్లే.

ప్లాస్టిక్ బంపరు వేడిని వదలదు. దాని మీద మెషీను నిలపకండి. మెరుపు లేని మ్యాట్ రంగుకు అసలు పాలిష్ పెట్టకండి.

మెరుపు కోసం కిరసనాయిలు తుడవకండి. గీతలకు టూత్‌పేస్టు పూయకండి. బట్టల సబ్బుపొడితో కడిగితే వ్యాక్స్ దిగిపోతుంది.

కింద పడిన గుడ్డను ఉతకకుండా తిరిగి వాడకండి.

తడి నేల మీద నిలబడి కరెంటు మెషీను పట్టకండి. వైరును భుజం మీదుగా వేసుకోండి. అది రేకుకు రాసుకోకూడదు.

షెడ్డులో కొత్తగా వేయించిన రంగుకు ఒకటి రెండు నెలల వరకు వ్యాక్స్ పెట్టకండి. వ్యాక్స్‌ను పలుచగా పూయండి, నల్లని ప్లాస్టిక్ పట్టీలకు తగలనివ్వకండి.

ప్రతి పండుగకూ కాంపౌండు పెట్టించకండి. ఏటా వ్యాక్స్ పెట్టవచ్చు, ఏటా అరగదీయకూడదు. రంగు పని దొరికితే నాకు లాభమే, కాదనను. కానీ ఫ్యాక్టరీలో సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చిన పూతకు సాటి వచ్చేది నేను వేయలేను.

బయట పని చేయిస్తే పక్కనే నిలబడండి. అంచులకు టేపు వేయకుండా మెషీను అందుకుంటే ఆపించండి. "అంచు కూడా ఒక్కసారి లాగేస్తాను సార్" అంటే ప్లగ్గు పీకించి, డబ్బులిచ్చి, కారు తీసుకుని వచ్చేయండి.