ఫ్రీబీఎస్‌డీకి లిలీపాండ్ ప్యాకేజీ కట్టే ముందు జాగ్రత్తలు

• లిలీపాండ్ (స్వరలిపిని అచ్చుకు సిద్ధం చేసే ప్రోగ్రాం) వెర్షన్ అంకె చూడండి. మధ్య అంకె సరి సంఖ్యయితే స్థిరమైన విడుదల (2.24.x), బేసి అయితే ఇంకా మారుతున్నది (2.25.x). రెండూ కావాలంటే వేర్వేరు పోర్టులుగా (ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్యాకేజీ కట్టే సూచనల ఫోల్డర్లు) పెట్టండి.

• సోర్సు ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చూపే సంఖ్య) సరిపోకపోతే వెంటనే మేక్‌సమ్ (దాన్ని కొత్తగా రాసే ఆదేశం) కొట్టి ఊరుకోవద్దు. ఫైలు ఎందుకు మారిందో ముందు కనుక్కోండి.

• అసలు టెన్షన్ గైల్‌తోనే (లిలీపాండ్‌లోని స్కీమ్ భాష కోడ్‌ను నడిపేది). 2.24కి మామూలుగా గైల్ 2.2 కావాలి. సిస్టమ్‌లో 3.0 ఒక్కటే ఉంటే కాన్ఫిగర్ దశలోనే తేలాలి. స్కీమ్ ఫైళ్లను ముందే బైట్‌కోడ్‌గా కంపైల్ చేయడానికి, బిల్డ్ అయ్యాక మేక్ బైట్‌కోడ్, ఇన్‌స్టాల్ తర్వాత ఇన్‌స్టాల్-బైట్‌కోడ్ నడపండి. ఇవి మరిచినా ప్యాకేజీ పనిచేస్తుంది, అందుకే ఎవరూ గమనించరు. కాకపోతే ప్రోగ్రాం మొదలయ్యేందుకే చాలాసేపు పడుతుంది. ఆ బైట్‌కోడ్ ఫైళ్ల టైమ్‌స్టాంపు స్కీమ్ ఫైళ్లకంటే పాతదైతే గైల్ వాటిని పక్కన పెట్టేస్తుంది.

• ఫ్రీబీఎస్‌డీలో ఉండే మేక్ (బిల్డ్ నడిపే టూల్) బీఎస్‌డీది. లిలీపాండ్‌కు జీమేక్ (గ్నూ మేక్) తప్పనిసరి.

• స్వర చిహ్నాల ఫాంటు బిల్డ్‌లోనే తయారవుతుంది. అందుకు వాడే మెటాపోస్ట్, ఫాంట్‌ఫోర్జ్ టూళ్లను బిల్డ్ డిపెండెన్సీలుగా (కట్టేటప్పుడు ఉండాల్సినవిగా) రాయండి. పాటల సాహిత్యానికి వాడే యూఆర్‌డబ్ల్యూ ఫాంట్లు వేరు, అవి ఈ బిల్డ్‌లో తయారుకావు.

• లైసెన్సు ఒక్కటి కాదు: ప్రోగ్రాంకి జీపీఎల్ 3 లేదా ఆ తర్వాతది, డాక్యుమెంటేషన్‌కి ఎఫ్‌డీఎల్.

• డాక్యుమెంటేషన్‌ను ఆప్షన్‌గా ఉంచండి. దాన్ని కట్టడం ప్రోగ్రాం కట్టడం కంటే పెద్ద పని.

• పరీక్షకు పూడ్రియేర్ (ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీలు కట్టి పరీక్షించే టూల్) జైలే, అంటే మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉండే వాతావరణమే వాడండి, మీ సొంత మెషీన్ కాదు. ఇన్‌పుట్ ఫైల్లో రాసిన స్కీమ్ కోడ్ నిజంగానే నడుస్తుంది, కాబట్టి రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) అసలే వద్దు. ఒక స్వరలిపి ఫైలుకు పీడీఎఫ్ తీసి, కళ్లతో చూడండి.