పాత ల్యాప్‌టాప్ స్క్రీన్ కేబుల్ తెగిందా? ఆన్‌లో ఉంచి మూత ఆడించకండి

హింజ్ (మూత తిరిగే కీలు) దగ్గర డిస్‌ప్లే కేబుల్ నలిగి తెగడం పాత ల్యాప్‌టాప్‌లకు మామూలే. తీగ అతికితే పోయేదానికి, ఒక్కోసారి మదర్‌బోర్డు దాకా కాలిపోతుంది. దానికి ఒక కారణం: ఏ కోణంలో బొమ్మ వస్తుందో చూద్దామని, ఆన్‌లో ఉంచి మూతను ముందుకీ వెనక్కీ ఆడించడం.

అలా ఆడిస్తే ఏమవుతుందో చూడండి. థింక్‌ప్యాడ్ టీ60 కాలంనాటి సీసీఎఫ్ఎల్ ల్యాంపు (స్క్రీన్ వెనక వెలుగునిచ్చే సన్నని ట్యూబు) మెషీన్లలో బొమ్మ డేటా, ప్యానెల్‌కు (స్క్రీన్‌కు) 3.3 వోల్టులు, ఇన్వర్టర్‌కు (ల్యాంపును వెలిగించే చిన్న బోర్డుకు) అంతకంటే ఎక్కువ వోల్టేజీ చాలా మోడళ్లలో ఒకే కట్టలో వెళ్తాయి. 30 పిన్నుల ఎల్‌వీడీఎస్ (తీగల జతలపై బొమ్మ డేటా పంపే పద్ధతి) ప్యానెళ్లలో సాధారణంగా 1వ పిన్ గ్రౌండ్, 2, 3 పిన్‌లు 3.3 వోల్టులు. పక్కపక్కనే ఉంటాయి. తొడుగు ఊడిన పోగులు ఇక్కడ తాకితే ఫ్యూజు పోతుంది. ఇన్వర్టర్ సరఫరా డేటా తీగకు తాకితే ప్యానెల్ బోర్డు గానీ గ్రాఫిక్స్ చిప్ గానీ పోతుంది. కేబుల్ దొరుకుతుంది, చిప్ దొరకడం కష్టం.

కదిపి చూడాలనుకుంటే మల్టీమీటర్ పెట్టి కదపండి. కరెంటు మీద కదపకండి.

కేబుల్‌దేనా తప్పు?
ఎక్స్‌టర్నల్ మానిటర్‌లో బొమ్మ బాగుండి, లోపలి స్క్రీన్ తెల్లగా వెలుగుతూ ఖాళీగా ఉంటే కేబుల్‌ను అనుమానించండి. రంగులు తేడాగా వచ్చినా అంతే, ఒక డేటా జత తెగి ఉండొచ్చు. టార్చి వేస్తే మసకగా బొమ్మ కనిపిస్తే ఇన్వర్టర్, ల్యాంపు వైపు వెళ్లండి. ఆన్ చేయగానే ఎర్రటి ఛాయ వస్తే ల్యాంపు ముసలిదైంది, కేబుల్ జోలికి పోనక్కర్లేదు.

కొలిచే పద్ధతి
అడాప్టర్, బ్యాటరీ రెండూ తీయండి. థింక్‌ప్యాడ్‌లలో డ్రైవ్ బేలో రెండో బ్యాటరీ ఉండొచ్చు, అదీ తీయండి. పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. కేబుల్‌ను రెండు కొసల్లోనూ విప్పాకే కొలవండి. ప్యానెల్ తగిలి ఉంటే ప్రతి డేటా జత మధ్య దాదాపు 100 ఓంలు చూపిస్తుంది. అది ప్యానెల్‌లోని రెసిస్టర్, షార్ట్ అనుకుని మంచి తీగ కోసేయకండి. విడిగా ఉన్న కేబుల్‌లో ఒక్కో సన్నతీగ ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మూడు ఓంలు రావచ్చు. హింజ్ భాగాన్ని వంచుతూ చూడండి. రీడింగ్ ఎగిరిపడితే తెగింది అక్కడే. గ్రౌండ్ పిన్‌ల మధ్య మీటర్ బీప్ ఇవ్వడం (అవి కలిసి ఉన్నాయని అర్థం) మామూలే, 3.3 వోల్టుల పిన్‌లు రెండూ కలిసి ఉండటమూ మామూలే. గ్రౌండ్‌కూ 3.3కూ మధ్య బీప్ వస్తే మాత్రం ఆగిపోండి.

అతికేటప్పుడు
తెల్లటి పట్టీ కేబుల్‌కు సోల్డరింగ్ ఐరన్ తాకించకండి, కరుగుతుంది. దాన్ని మార్చడమే మేలు. కాషాయ రంగు పాలిమైడ్ ఫ్లెక్స్ వేడిని తట్టుకుంటుంది. దానిపై పూత గీకి, 0.1 మి.మీ. ఎనామిల్ రాగితీగతో జంపర్ (తెగినచోటును దాటించే తీగ) వేయొచ్చు. సన్నతీగల కట్ట అయితే సన్నని మొన, 300–320 డిగ్రీలు, 0.5 మి.మీ. లేదా అంతకంటే సన్నని లెడ్ సోల్డర్, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే పదార్థం) వాడండి. హీట్ ష్రింక్ గొట్టాన్ని ముందే తొడగండి.

అతుకు హింజ్ వంపులో పెట్టకండి. అక్కడ సోల్డర్ తీగను బిరుసు చేస్తుంది, దాని పక్కనే మళ్లీ తెగుతుంది. తెగిన ముక్క పూర్తిగా తీసేసి, కొత్త తీగను వంపు దాటించి, అతుకులను ప్యానెల్ వెనకా, కింది భాగంలోనూ పెట్టండి.

అతుకులన్నీ ఒకే వరుసలో రానివ్వకండి.
డేటా జతలోని రెండు తీగలూ ఒకే పొడవుండాలి, మెలిక తీసేయకండి.
ఇన్వర్టర్ నుంచి ల్యాంపుకు వెళ్లే తీగకు అతుకు వేయకండి. అందులో వందల వోల్టులు నడుస్తాయి. పాడైతే ల్యాంపుతో సహా మార్చండి.
ల్యాంపు పగిలితే కిటికీలు తెరవండి, లోపల పాదరసం ఉంటుంది.
అతికాక ప్రతి పిన్‌నూ పక్క పిన్‌తో కొలవండి. మూత పెట్టే కోణాలన్నిట్లో కేబుల్ వంచి మళ్లీ కొలవండి. కరెంటు లేకుండా.
కనెక్టర్ నిటారుగా దించండి, ఓరగా తోస్తే పిన్‌లు వంగి షార్ట్ అవుతాయి.
పోయిన ఫ్యూజుకు తీగ ముక్క వేయకండి. అదే విలువ ఫ్యూజు వేయండి, అదీ షార్ట్ దొరికాకే.
మొదటిసారి బ్యాటరీ పెట్టకుండా అడాప్టర్‌తోనే ఆన్ చేయండి. వాసన వస్తే వెంటనే పీకేయొచ్చు.
బొమ్మ వచ్చిందని సంబరంగా మూత ఆడించకండి. కోణం మార్చాలంటే ఆపండి, అడాప్టర్ పీకండి, మార్చండి, మళ్లీ ఆన్ చేయండి. నాలుగైదు కోణాల్లోనూ బొమ్మ నిలిచాకే స్క్రూలు బిగించండి.